పెద్దన్న కన్ను, తలమీది తువ్వాల

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు చిన్నయ్యా. జరిగింది జరిగినట్లు చెప్త, ఒక్క ముక్క పెంచ, ఒక్క ముక్క తగ్గియ్య. మొన్న మన బక్కయ్య బిడ్డ యమునను రైల్వే టీంల తీసుకున్నరు గదా, బాస్కెట్‌బాల్‌కు? ఆ పిల్ల పైకి పోతదని ఈ జిల్లల అందరికన్న ముందు చూసిన కన్ను ఏది? ఇగో, ఇది."

పెద్దన్న కుడికన్ను కింద వేలు పెట్టి చూపించాడు. శనివారం, పెబ్బేరు అంగడి. అప్పటికి సగం బేరాలు తెగాయి. లక్ష్మీదేవమ్మ హోటల్ ముందరి బల్లమీద నడుమ కూర్చున్నది అతనే. ముప్పై ఏళ్లుగా ఎడ్ల బేరగాడు. ఎప్పుడూ భుజంమీద ఉండే తువ్వాల ఇవాళ తలకు చుట్టుకుని ఉంది, చెవులు కూడా కనబడనంత బిగించి. ఎదురుగా గొర్ల వ్యాపారం చేసే చిన్నయ్య. పక్కన ఎర్ర రుమాలు కట్టుకున్న బక్కయ్య, పిల్ల తండ్రి, పక్కూరి రైతు. మాటిమాటికీ రోడ్డు దిక్కు చూస్తున్నాడు. యమున పన్నెండింటి బస్సుకు దిగుతుంది.

"ఆ తువ్వాలేంది మామా, బాలెంత లెక్క?" అన్నాడు చిన్నయ్య.

"తలకాయ నొస్తుంది. నడుమ అడ్డం రాకు. పోయిన చలికాలం ఒక కోడె బేరానికి వనపర్తికి పోయిన. బేరం తెగలే. కోపంతోని కాలేజీ గోడపొంటి నడుస్తుంటె లోపల ఒకటే ఈలలు, కేకలు. ఏందో చూద్దమని గోడెక్కి కూసున్న. ఆడపిల్లల బంతాట. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. అందర్ల పొట్టిది మన యమున, ఐదడుగుల రెండంగుళాలు. కానీ బంతి పట్టుకొచ్చేది ఆ పిల్లనే, ఎవరికియ్యాల్నో చూసి ఇచ్చేది ఆ పిల్లనే. దాన్ని గార్డు అంటరంట. గోడ కాడ నిలబడ్డ ఒక సారు అంటడు, 'ఆట మంచిదే, ఎత్తు లేదు, పైకి పోతే నిలవదు' అని. నాకు కడుపు మండింది. సార్, నువ్వు ఎద్దును కొమ్ములు చూసి కొంటవా, నడక చూసి కొంటవా అన్న."

"ఎద్దుకు ఆడపిల్లకు పోలికేంది పెద్దన్నా?" పొయ్యి దగ్గరి నుంచి లక్ష్మీదేవమ్మ కసిరింది.

"నాకు తెలిసింది గదే అక్కా. వేరేది యాడికెల్లి తేవాలె? కోడెను చూసుడంటె మొదలు నోరు తెరిచి పండ్లు చూడాలె. అటెన్క కాడికి ఎడమ దిక్కు కట్టినా కుడి దిక్కు కట్టినా ఒక్క తీరు నడుస్తదా అని చూడాలె. అటెన్క గిట్టలు. ఈ పిల్ల కుడిచేత్తోని బంతి ఎట్ల కొడ్తదో ఎడమచేత్తోని గట్లనే కొడ్తుంది. ఆట అయినంక పోయి, బిడ్డా, జర నీ బూట్లియ్యి అన్న. తిప్పి చూసిన. రెండు బూట్ల అడుగులు సమానంగ అరిగినయి. ఒక దిక్కే మొగ్గేటోళ్లకు ఒక బూటే అరుగుతది. పండ్లు మాత్రం చూడలే. నవ్వమంటె నవ్వలే. ఆ దినం వాళ్లు ఓడిపోయిండ్రు."

"ఓడిపోయినదాన్ని మెచ్చుకొని వచ్చినవా?"

"గెలిచేటప్పుడు అందరు బాగనే కనబడ్తరు చిన్నయ్యా. ఓడిపోతున్నప్పుడు బంతి నాకియ్యి అని ఎవరడుగుతరో అది చూడాలె. యమున ఒక్కతే అడిగింది."

బక్కయ్య తల ఊపాడు. "అది నిజమే. ఆ పొద్దే మా ఇంటికొచ్చి చెప్పిండు. అటెన్క పిల్లకు బీఈడీ సీటొచ్చింది. ఆ కౌన్సెలింగు, ఈ రైల్వే సెలక్షన్ ఒక్కటే దినం పడ్డయి. సీటు తీసుకుంటె ఎప్పటికన్న పంతులమ్మ అయితది. బంతి ఎనక పోతే ఏమైతదో ఎవరికెరుక? నాకేం తోచలే. గీ పెద్దన్న వచ్చి, 'నా మాట మీద పంపు, తప్పితె ఇగ అంగడిల అడుగు పెట్ట' అన్నడు. సీటొదులుకొని పంపిన. సికింద్రాబాదుల మా చెల్లెలింట్ల ఉండి ఆడొచ్చింది. ఆడినంక పదమూడు దినాలు ఏ కబురు లేదు. అన్నం సయించలే."

"నేను మాత్రం కాళ్లు సాపుకొని పండుకున్న," అన్నాడు పెద్దన్న. "నాకేం భయం? చూసిన కన్ను నాది."

మొన్న గురువారం ఈ హోటల్ కాయిన్ ఫోనుకే కబురొచ్చింది. లక్ష్మీదేవమ్మ ఎత్తింది. అందుకే ఇవాళ పెద్దన్నకు చాయ్ మీద చాయ్ పోస్తూ ఉంది. రెండో గ్లాసు చేతికి రాగానే అతని గొంతు లేచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కన్ను చూస్తె చాలదు, పరీక్ష పెట్టాలె అనుకున్న. గీ అంగడికే తీసుకొచ్చిన పిల్లను. నాలుగువందల ఎడ్లున్నయి ఆ దినం. ఈ కొసకెల్లి ఆ కొసకు బంతి కొట్టుకుంట పోవాలె, ఒక్క తోక తగలొద్దు, ఒక్క ఎద్దు నెమరు ఆపొద్దు అన్న. పోయింది, వచ్చింది. ఎడ్లు నెమరు ఆపుడు కాదు, ఆ బంతి చప్పుడుకు సరింగ నెమరేసినయి. నాలుగువందల దవడలు ఒక్కసారే పైకి, ఒక్కసారే కిందికి."

"నేను ప్రతి శనివారం ఈడ్నే ఉంట. నాకెందుకు కనబడలే?"

"నువ్వు గొర్ల దిక్కు ఉన్నవ్. గొర్లోళ్లకు ఏం కనబడ్తది? ఇను. బక్కయ్య మెట్ట చెల్కల ప్రాక్టీసు పెట్టిచ్చిన. ఎత్తు తక్కువున్నోళ్లు బంతిని ఎత్తుకు పంపుడు నేర్వాలె అని. ఒక్కటే దెబ్బ నేలకేసి కొట్టింది. బంతి లేసింది, లేసింది, కంటికి కనబడలే. మేము ఇంటికి పోయి చాయ్ తాగొచ్చినం. అప్పుడు దిగింది, మొగులు తడి అంటుకొని చల్లగ. అది వచ్చి నేలకు తాకంగనే, బక్కయ్య బోరు ఉంది జూడు, మూడువందల ఫీట్లు దింపినా తడి తగలనిది, అండ్లకెల్లి నీళ్లు బుస్సుమని లేసినయి."

"నా బోరు ఎండే ఉంది గదా పెద్దన్నా."

"మళ్ల ఎండింది. నీళ్లొచ్చినప్పుడు మూత పెట్టుకోవద్దా మరి?"

బక్కయ్య నవ్వాడు. పదిహేను దినాలుగా నవ్వని మనిషి, నవ్వు మొదలయ్యాక ఆపుకోలేక దగ్గాడు. అది చూసి పెద్దన్నకు ఇంకా ఊపొచ్చింది.

"అయినా నాకొక అనుమానం ఉండె. పొడుగోళ్లు ముందర అడ్డం నిలబడితె ఈ పిల్ల ఎట్ల దాటుతది? మనుషులల్ల గంత జోరుగ అడ్డుకునేటోళ్లు లేరు. మన్ననూర్ల ముత్తయ్య అని నాకొక దోస్తు, నల్లమల అంత ఆయన కాళ్ల కిందనే. ఆయన్నడిగి పిల్లను అడవికి తీసుకపోయిన. పులొచ్చింది."

"ఫారెస్టోళ్లు గేటు దాటనియ్యరు గదా మామా?"

"మేము దాటలే. పులే దాటొచ్చింది, పిల్ల పేరు ఇని. యమున బంతి కొట్టుకుంట ఎదురుంగ పోయింది. కండ్లతోని కుడి దిక్కు చూపిచ్చింది, బంతిని ఎడమ దిక్కు తీసుకపోయింది. పులి కుడి దిక్కు దుంకింది. దుంకింది దుంకినట్లే పోయి శ్రీశైలం దిక్కు తేలింది. సిగ్గుతోని మూడు దినాలు పొదల కూసుండి తిండి ముట్టలే. ఫారెస్టు సారు నాకు చిట్టి రాసిండు. 'పెద్దన్న గారూ, దయచేసి మీ పిల్లను మళ్ల తేవద్దు, మా పులి చారలు రాలిపోతున్నయి' అని."

"చారలు రాల్తయా?" లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మస్తు సిగ్గయితె ఏమన్న రాల్తయి అక్కా."

"అది సరే గానీ, నీ తువ్వాల అంచుకు ఆ పచ్చటి మరకేంది?" అంది లక్ష్మీదేవమ్మ.

"పసుపు. తలనొప్పికి ఇంట్ల పట్టేసిండ్రు. ఇగ సికింద్రాబాదు ముచ్చట ఇనుండ్రి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సెలక్షనుకు నేను గూడ పోయిన."

"ఎప్పుడు పోయినవే?" అన్నాడు చిన్నయ్య.

"నువ్వు చూడనప్పుడు. నూటిరవై మంది పిల్లలు, అందరు తాటిచెట్లంత. సెలెక్టర్ సారు యమునను కిందికెల్లి మీదికి చూసి, 'ఎత్తు చాలదు' అన్నడు. మాటలతోని అయ్యేది కాదని నేను తువ్వాల తీసిన."

మాట ఊపులో పెద్దన్న చెయ్యి తలమీదికి పోయింది. మధ్యలోనే ఆగింది.

"చిన్నయ్యా, జర నీ తువ్వాలియ్యి, చూపిస్త."

"నీది ఉన్నది గదా?"

"అది తలనొప్పిల ఉన్నది. ఇయ్యరాదూ!"

పెద్దన్న ఆ తువ్వాల తీసుకుని, ఎడ్ల బేరంలో కప్పినట్టు తన చెయ్యీ చిన్నయ్య చెయ్యీ కప్పాడు. అంగడిలో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు.

"ఇగో, నువ్వు సెలెక్టర్ సారువి. సారు ఆరుసార్లు వేళ్లు ఒత్తిండు, ఆరడుగులు కావాలె అని. నేను ఐదు వేళ్లు పట్టుకొని, రెండు కణుపులు నొక్కిన, ఐదడుగుల రెండంగుళాలు. సారు చెయ్యి గుంజుకోబోయిండు. ఇడుస్తనా? బొటనేలు గట్టిగ పట్టుకొని, ఇది గుండె సార్, దీన్ని గూడ కొలువు అన్న. టేపు తెప్పిచ్చి కొలిచిండు. ఏడడుగుల నాలుగంగుళాలు తేలింది, ఉత్త గుండెనే. సారు బొటబొట ఏడ్సిండు. 'పెద్దన్న గారూ, టీం అంత ఈ పిల్లకే, ఇంజన్లు గూడ ఈ పిల్లకే' అన్నడు. ఇంజన్లొద్దు సార్, మా గద్వాల టేషన్ల బండి జర ఎక్కువసేపు ఆపుండ్రి, ముసలోళ్లు ఎక్కాలె అన్న. అప్పుడు నా చేతులు పట్టుకొని, దేశంలున్న పిల్లలందరిని ఇగ మీరే చూసి చెప్పాలె అని ఒకటే బతిలాడుడు. శనివారం నాకు అంగడి ఉంటది సార్, తీరదు అని వచ్చేసిన."

పెద్దన్న మూడో చాయ్ అందుకున్నాడు. బక్కయ్య కండ్లు తుడుచుకుని, మెల్లగా అడిగాడు.

"పెద్దన్నా, ఒక్క మాట. నీకు ఒక్క దినం గూడ భయం కాలేదా?"

"ఈసమంత గూడ కాలే."

"మరి నిన్న యాడికి పోయినవ్?"

"నిన్ననా? రాయచూరుకు. కోడె బేరం."

"నిన్న శుక్రవారం. నేను గద్వాల జములమ్మ గుడి కాడ ఉన్న."

గ్లాసు పెద్దన్న నోటిదాకా పోకుండా ఆగింది. "నువ్వు కోడేరుకు, మీ అక్క ఇంటికి పోతనన్నవ్ గదా?"

"అన్న. అబద్ధం చెప్పిన. తలెంటుకలిచ్చే కాడ లైన్ల నిలబడ్డ. నాకన్న ముగ్గురు ముందర ఒకాయన కత్తి కింద తల వంచి ఏడుస్తుండు. 'తల్లీ, నా నోటి దూలతోని పిల్ల సీటు పోగొడ్తినేమో అని పదమూడు దినాలు సచ్చి బతికిన. పిల్లను తీసుకుంటె తలెంటుకలిస్తనని మొక్కిన, ఇగో తెచ్చిన' అంటుండు. మొఖం కనబడలే. గొంతు మాత్రం ముప్పై ఏండ్లకెల్లి ఇంటున్న గొంతు."

అంటూ బక్కయ్య తన ఎర్ర రుమాలు విప్పాడు. నున్నటి గుండు, దానిమీద ఎండిన గంధం.

చిన్నయ్య లేచి, ఇంకెవరినీ అడగకుండా పెద్దన్న తువ్వాల లాగాడు. ఇంకో గుండు, ఇంకో గంధం. అంగడిలో ఇంకే జుట్టుకూ అంత నూనె పట్టదని అందరూ అనుకునే జుట్టు అది. ఒక్క వెంట్రుక లేదు.

"మామా," అన్నాడు చిన్నయ్య, "పులిని ఉరికిచ్చిన పిల్లకు మళ్ల మొక్కెందుకే?"

పెద్దన్న గ్లాసు పక్కన పెట్టి గుండు తడుముకున్నాడు.

"భయమైందిరా," అన్నాడు చివరికి. "ఎద్దును తప్పు చూస్తె ఎద్దు పోతది, ఇంకోటి కొనుక్కుంటం. గిది ఆడపిల్ల బతుకు. నోట్లకెల్లి మాట వచ్చేసింది, మళ్ల తీసుకోరాదు. రాత్రిళ్లు ఆ బూట్లే కండ్లల్ల మెదులుతుండె. నిజంగనే సమానంగ అరిగినయా, నాకే గట్ల కనబడ్డయా అని. గురువారం ఫోను మోగితె నేను హోటల్ ఎనక దాక్కున్న. అక్కకు తెలుసు."

"ఎట్ల తెల్వదు? చెవులు మూసుకొని కట్టెల మోపు ఎనక కూసున్నడు," అంది లక్ష్మీదేవమ్మ. ఈ రెండు దినాలూ ఆ మాట దాచింది ఆమే.

"నాకు చెప్తె ఏం పోయె?" అన్నాడు బక్కయ్య. "నేను గూడ చెప్పెటోన్ని. ఇద్దరం ఒక్క బస్సులనే పోయెటోళ్లం."

బస్సు వచ్చి ఆగింది. భుజాన సంచితో యమున దిగి హోటల్ దిక్కు గబగబా వచ్చింది. బల్లమీద పక్కపక్కన రెండు గుండ్లు, తడి కండ్లు. అడుగు ఆగిపోయింది, మొఖం తెల్లబోయింది.

"ఏమైంది నాయినా? ఇంట్ల ఎవరికేమైంది?"

బక్కయ్య బల్లమీంచి లేచి బిడ్డ దగ్గరికి నడిచాడు. పెద్దన్నే చెప్పాడు, ఆ దినమంతా అతను అన్న మాటల్లో అన్నిటికన్నా చిన్న మాట.

"ఎవరికేం గాలే తల్లీ. నిన్ను తీసుకోరేమో అని భయపడ్డం, గంతే."

యమున ఒక గుండును చూసింది, రెండో గుండును చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. సంచి కింద పెట్టి, కడుపు పట్టుకుని, నిలబడలేక తండ్రి భుజంమీద వాలి నవ్వింది. బక్కయ్య ఆ పిల్ల తలమీద చెయ్యి వేసుకుని ఏడ్చాడు.

పెద్దన్న కొంచెం ముందుకు వంగి, కండ్లు చిన్నవి చేసి చూశాడు.

"చిన్నయ్యా, ఆ దినం చూడలే అన్న గదా? ఇగో చూడు, పండ్లు గూడ సక్కగున్నయి."