సొంత మాటలో పట్టా పుచ్చుకున్న శకుంతల గారు

1969 మార్చి 10, సోమవారం నాడు శ్రీమతి వంగపల్లి శకుంతల గారు జనగామ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఊరు బందు. ప్రత్యేక రాష్ట్రం కోరుతూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన రోజులవి. బస్సు లేదు, రిక్షా లేదు, ఒక్క దుకాణం తలుపు తెరుచుకోలేదు. తెల్ల చీరె కొంగు భుజం నిండా కప్పుకొని, నినాదాల నడుమ నుంచి నడిచి వచ్చి, ఆమె హాజరు పట్టీలో తొలి సంతకం చేశారు.

ఆ కొలువు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. మన టెలిఫోన్ శాఖలోనే లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ఆమె భర్త విద్యాసాగర్ గారు అంతకు ముందు సంవత్సరం జబ్బుపడి అకాల మరణం చెందగా, కారుణ్య నియామకం కింద లభించిన ఉద్యోగమది. నిజాం కాలంలో హన్మకొండలో ఉర్దూ మాధ్యమంలో మెట్రిక్ ఉత్తీర్ణులైన విద్యావతి ఆమె. అయితే పెద్ద కమతం గల ఇంటి కోడలు ఫోన్ల దగ్గర కూర్చోవడం అత్తగారు కమలాదేవి గారికి బొత్తిగా రుచించలేదు.

“భూమున్నది, ఎడ్లున్నయి. మనకేం తక్కువైందని ఊరోళ్ల ఫోన్లు కలుపుతవు బిడ్డా? ఎవరితోటి పడితే వాళ్లతోటి మాట్లాడే కొలువేంది?” అన్నారామె.

“నేను మాట్లాడ అత్తమ్మా. వాళ్లు మాట్లాడుకుంటరు, నేను కలుపుత. గంతే.”

అయితే ఆ మాట ఎంతోకాలం నిలువలేదు. ఆ వేసవిలో హైదరాబాదు నుంచి రోజుకొక దుర్వార్త వచ్చేది. జనగామ పిల్లలు చాలామంది అక్కడి వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్నారు. స్టేషను ముందు పండ్లమ్ముకొనే ఎల్లక్క కొడుకు కూడా వారిలో ఒకడు. కాల్పులు జరిగాయన్న పుకారు విని ఆమె తట్ట అక్కడే వదిలి ఎక్స్‌చేంజికి పరుగెత్తుకొచ్చింది. ట్రంకు లైను దొరకడమే గగనమైన వేళ శకుంతల గారు ఎంతో యత్నించి వసతి గృహం ఫోను కలిపారు. పిల్లవాడు అందుకున్నాడు. కానీ లైను నిండా గరగరలే. కొడుకు గొంతు తల్లికి చేరలేదు. హెడ్‌సెట్ పెట్టుకున్న శకుంతల గారికి మాత్రం చెవులు రిక్కించి వింటే ముక్కలు ముక్కలుగా వినపడుతున్నది. ఆపరేటరు సంభాషణలో జోక్యం చేసుకోరాదన్నది నియమం. ఆ తల్లి ముఖం చూసి, ఆమె అడిగిన మీదట, శకుంతల గారు ఇద్దరి మధ్య తామే వారధి అయ్యారు.

“మంచిగనే ఉన్న అంటుండు అవ్వా.”

“తిన్నడో లేదో అడుగు బిడ్డా.”

“తిన్నడట.”

“వాడేనా మాట్లాడేది? నువ్వే ఏదో చెప్పి నన్ను ఊకుంచుతలేవు గద?”

శకుంతల గారు అటువైపు ఏదో అడిగి, విని, నవ్వారు. “చిన్నప్పుడు నీ తట్టల జాంపండ్లు తీస్కపోయి దోస్తులకు పంచినోన్ని నేనే అని చెప్పుమంటుండు.”

ఎల్లక్క కొంగు నోట్లో కుక్కుకొని అక్కడే కూలబడి ఏడ్చింది. నూరు కోసుల దూరమైనా తీగ మీద ప్రయాణించే గొంతు ఎందుకు నలుగుతుంది, ఎక్కడ నలుగుతుంది అన్న ప్రశ్న ఆనాడే తమ మనసులో పడిందని శకుంతల గారు తరచుగా చెబుతుంటారు.

కొంతకాలానికి కోస్తా జిల్లాల నుంచి బదిలీపై వచ్చిన ఒక అధికారి ఆమె పనిని మెచ్చుకుంటూనే మాటతీరును ఆక్షేపించారు. “‘లైన్ల ఉండుండ్రి’ ఏమిటమ్మా? వినేవాళ్లు నవ్వుకుంటారు. ‘దయచేసి నిరీక్షించండి’ అనాలి” అన్నారు. పై అధికారి మాటను శిరసావహించడం ఆమె స్వభావం. నాటినుంచి స్విచ్‌బోర్డు ముందు ఒక తెలుగు, ఇంటి గడప లోపల మరొక తెలుగు ఆమెకు అలవాటైపోయాయి. పనిలో మాత్రం ఏనాడూ లోపం రానీయలేదు. విన్న రహస్యం పెదవి దాటనీయలేదు, రాత్రి డ్యూటీకి వెనుకాడలేదు. ఏకైక కుమార్తె శారదను చదివించి ఉపాధ్యాయురాలిని చేశారు.

1976లో శకుంతల గారు మహబూబాబాదుకు బదిలీ అయ్యారు. ఆమె జీవితంలో రెండవ విద్యాభ్యాసం మొదలైనది అక్కడే. ప్రైవేటుగా ఇంటర్మీడియెటు, పిదప ఉత్తర ప్రత్యుత్తర పద్ధతిలో బి.ఏ. పూర్తిచేశారు. పాఠాలు తపాలాలో వచ్చేవి, జవాబులు తపాలాలో వెళ్లేవి. ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలు తిరిగి వచ్చినప్పుడు సహోద్యోగినులు చుట్టూ మూగి ఆటపట్టించేవారు.

“గీ వయసుల చదువేంది శకుంతలక్కా? ప్రమోషన్ వస్తదా?”

“రాదు.”

“మరెందుకు పరేషాన్?”

“దినాం చేసే పని అసలేందో తెల్సుకుందామని.”

ఈ జవాబులో అతిశయం లేదు. 1983లో భూపాలపల్లి చిన్న ఎక్స్‌చేంజికి వెళ్లిన తరువాత, సమాచార ప్రసార శాస్త్రంలో దూరవిద్య ద్వారా స్నాతకోత్తర పట్టా చదవవచ్చునన్న ప్రకటన పత్రికలో చూసి, ఆ వారమే దరఖాస్తు పంపారు. అప్పటికి ఆమెకు యాభై మూడేళ్లు. ముద్రిత పాఠాలకు తోడు ఆదివారం ఉదయం రేడియోలో ఉపన్యాసం వచ్చేది. ఆదివారాలు తరచూ ఆమెకు డ్యూటీ పడేది. దానికి పరిష్కారం చూపినవారు మరెవరో కాదు, కమలాదేవి గారే.

ఒకనాడు కొలువే వద్దన్న ఆ అత్తగారు డెబ్బై అయిదేళ్ల వయసులో రేడియోను ఒడిలో పెట్టుకొని కోడలి తరఫున పాఠం వినసాగారు. ఆమెకు చదవడం రాదు, కానీ విన్నది మరచిపోరు. కోడలు ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కోక ముందే అప్పజెప్పేవారు.

“ఇయ్యాల ఏం చెప్పిండ్రు అత్తమ్మా?”

“ఒకాయన చెప్తుంటడట, ఒకాయన వింటుంటడట. నడుమ గడబిడ అయితదట. గా గడబిడ తీగలనే ఉంటదని లేదు, మనిషి మనసుల గూడ ఉంటదట. గంత సదువుకున్నోడు గిది చెప్పనీకి గంటసేపు తీసుకున్నడు. మనింట్ల రోజు అయ్యేదే గదా!”

భూపాలపల్లిలో శకుంతల గారితో పనిచేసిన మనందరం ఈ రేడియో పాఠాలను ఆమె నోట విని కడుపుబ్బ నవ్వుకున్నవాళ్లమే. ఆ నవ్వుల వెనుక ఎంత పట్టుదల ఉన్నదో మరుసటి సంవత్సరం గాని మనకు తెలియలేదు.

1985లో శకుంతల గారు వ్రాత పరీక్షలన్నీ నెగ్గారు, కానీ మౌఖిక పరీక్షలో తప్పారు. ముగ్గురు పరీక్షకుల ఎదుట కూర్చున్నప్పుడు, తెలిసిన సంగతిని బోర్డు ముందు అలవాటైన గ్రాంథికపు తెలుగులో చెప్పబోయి, అది చాలక ఇంగ్లీషు వెతికి, రెంటికీ చెడి ఆమె మౌనంగా ఉండిపోయారు. ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చున్నారు.

“ఏమైంది బిడ్డా?”

“తప్పిన అత్తమ్మా.”

“వాళ్లడిగింది నీకు రాదా?”

“వచ్చు. నోట్లెకెల్లి రాలే.”

కమలాదేవి గారు కోడలి పక్కనే చతికిలబడ్డారు. “నాకు చెప్పేటప్పుడు మంచిగనే వస్తది గద. నాకెట్ల చెప్తవో వాళ్లకు గట్లనే ఎందుకు చెప్పకపోతివి?”

“నవ్వుతరు అత్తమ్మా.”

శకుంతల గారు కొన్నాళ్లు పుస్తకాల జోలికే పోలేదు. చదువు ఇక చాలించుకుందామన్న నిర్ణయానికి కూడా వచ్చారు. ఆ నిర్ణయాన్ని మార్చినది రేగొండ రైతు ఒకరు. వరంగల్ దవాఖానలో ఆపరేషను జరుగుతున్న తన చెల్లెలి క్షేమం కోసం ఆయన రేగొండ నుంచి ఫోను చేయగా, శకుంతల గారు ఎప్పటిలాగే “దయచేసి నిరీక్షించండి” అని లైను కలపబోయారు. ఇంతలో ఆయనే ఫోను పెట్టేశారు. మరునాడు పొద్దున ఆయన సైకిలు తొక్కుకుంటూ స్వయంగా భూపాలపల్లికి వచ్చారు.

“నిన్న ఫోన్ల మాట్లాడింది నువ్వేనా తల్లీ? ఎందుకు కాదంటివి? రాత్రంత పానం కొట్టుకున్నది.”

“కాదనలేదు అన్నా. జర ఆగుమన్న.”

“ఆగుమంటే ఆగకపోదునా? నువ్వు ఇంకేందో సమజ్ గాని పెద్ద మాట అంటివి. మీ పెద్ద సారు వద్దన్నడేమో అనుకొని పెట్టేసిన.”

అదృష్టవశాత్తు చెల్లెలు క్షేమంగా ఉన్నదని ఆ ఉదయమే తెలిసింది. శకుంతల గారే లైను కలిపి అన్నాచెల్లెళ్లను మాట్లాడించి, ఆయనకు చాయ్ తాగించి పంపారు. కానీ ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు. నిన్న తీగలో ఏ దోషమూ లేదు, వాతావరణం నిర్మలంగా ఉన్నది. మధ్యలో అడ్డుపడినది తాను అరువు తెచ్చుకున్న మాట ఒక్కటే. పాఠంలో చదివినది, అత్తగారి నోట విన్నది, ఇన్నేళ్లుగా తాను చేసినది, మూడూ ఆ సైకిలు మనిషి వెళ్లిపోయిన తరువాత ఒక్కచోటికి వచ్చాయి. మరుసటి కాల్ రాగానే ఆమె “లైన్ల ఉండుండ్రి, కలుపుతున్న” అన్నారు. పక్క కుర్చీలోని సహోద్యోగి తలతిప్పి చూశారు. శకుంతల గారు అటు చూడలేదు.

1986లో మౌఖిక పరీక్షకు మళ్లీ హాజరయ్యారు. సమాచారానికి అవరోధం అంటే ఏమిటన్న ప్రశ్నే మళ్లీ వచ్చింది. ఆమె రేగొండ రైతు సంగతి ఎత్తుకున్నారు. “గడబిడ” అన్న మాట రాగానే పరీక్షకులలో ఒకరు ఫక్కున నవ్వారు. శకుంతల గారి మాట ఆగింది. ఏడాది కిందటి మౌనం మళ్లీ ఆవరిస్తుందా అనిపించిన క్షణమది. ఆమె చీరె కొంగు సర్దుకొని అన్నారు:

“గిది నా మాట సార్. గిట్ల చెప్తేనే నాకు సక్కగ వస్తది. మీకు సమజ్ కాకపోతే ఆడ్నే ఆపి అడుగుండ్రి, మళ్ల చెప్త.”

పెద్ద పరీక్షకుడు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, “చెప్పండమ్మా, అర్థమవుతూనే ఉంది” అన్నారు. ఆమె చెప్పారు. అడిగిన వాటిలో కొన్నింటికి తెలియదనీ చెప్పారు. నవ్విన పరీక్షకుడు ఆఖరు వరకూ ముభావంగానే ఉన్నారు. ఫలితాలలో శకుంతల గారు ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. మౌఖిక పరీక్షలో వచ్చిన మార్కులు గొప్పవేమీ కావు. అయినా ఆ రోజు భూపాలపల్లిలో కమలాదేవి గారు వీధివీధినా బెల్లం పంచారు.

ఆ పట్టా వల్ల ఆమెకు పదోన్నతి రాలేదు, జీతంలో మార్పూ రాలేదు. కానీ ఆ సంవత్సరాంతంలో ఆమె జనగామకు తిరిగి వచ్చిన తరువాత, కొత్తగా చేరిన ఆపరేటర్లకు తర్ఫీదునిచ్చే బాధ్యతను అధికారులు ఆమెకు అప్పగించారు. గార్ల సమీపంలోని తండా నుంచి ద్వాళి అనే అమ్మాయి చేరినది అప్పుడే. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు నంబర్లు. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఆ అమ్మాయి నంబరు అడగడానికి జంకేది.

“నా మాట ఇంటే నవ్వుతరు అక్కా.”

“నవ్వనియ్యి. నవ్విండ్రంటే నీ మాట చెవుల పడ్డట్టే గదా. ఇగ నంబరు అడుగు.”

నిరుడు చలికాలంలో, అధికారులు తనిఖీకి వచ్చిన ఒక ఉదయం, తుల్సీబాయి అనే తండా అవ్వ కౌంటరు దగ్గర నిలబడింది. బొంబాయికి కూలికి పోయిన కొడుకుతో మాట్లాడాలి. తెలుగు అంతంతమాత్రం, ఎవరేమడిగినా బిక్కమొహం వేస్తున్నది. ద్వాళి బోర్డు ముందు కూర్చొని ఉన్నది. ఆమెకు అవ్వ మాట తెలుసు. అధికారుల ఎదుట ఆ భాషలో నోరు విప్పాలంటే భయం. ఆమె శకుంతల గారి వైపు చూసింది. శకుంతల గారు తల ఊపారు. ద్వాళి గిర్రున తిరిగి, “యాడీ!” అని పిలిచింది. తండాలో తల్లిని పిలిచే పిలుపది. ఆ పిలుపు విని ముసలామె ముఖం వికసించిన తీరు ఆ రోజు గదిలో ఉన్నవారెవరూ మరువలేరు. కాల్ కలిసింది. తనిఖీకి వచ్చిన అధికారి, “మీ అమ్మాయికి బాగా నేర్పారే” అంటే, “మాట ఆమెదే సార్. నోరు తెరువుమన్న, గంతే” అన్నారు శకుంతల గారు.

త్వరలో జనగామకు ఆటోమేటిక్ ఎక్స్‌చేంజి రానున్నదని వింటున్నాము. బోర్డులు పోతే మనమేమవుతామన్న దిగులు మన అందరిలోనూ ఉన్నది. ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుందో, దాని దగ్గర మనుషులకు మిగిలే పని ఏమిటో చాయ్ వేళల్లో బొమ్మలు గీసి మనకు వివరించినవారు ఆమే. ఆ దిగులు పూర్తిగా తీరిందని చెప్పలేము, కానీ తెలియని భయం తెలిసిన భయమైనది.

నేడు, 1988 జులై 31న పదవీ విరమణ చేస్తున్న శకుంతల గారు విశ్రాంతి మాట ఎత్తడం లేదు. బడి మధ్యలో మానేసిన ఆడవారిని దూరవిద్య పరీక్షలకు సిద్ధం చేయడానికి వచ్చే నెల నుంచి తమ ఇంటి ముందర గదిలో పాఠాలు చెబుతారట. మొదటి విద్యార్థినిగా ద్వాళి బి.ఏ.కు పేరిచ్చింది. ఎనభై ఏళ్ల కమలాదేవి గారి చల్లని నీడలో, కుమార్తె శారద కుటుంబం తోడుగా, శకుంతల గారి కంటిచూపు తరగక, గొంతు అలయక, ఆరోగ్య భాగ్యాలు చెక్కుచెదరక, ఆ ముందర గది ఏటేటా ఇరుకై, పాఠం వినవచ్చినవారు అరుగు మీద కూడా చోటు వెతుక్కునేంత కాలం ఆమె వర్ధిల్లాలని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఎక్స్‌చేంజిల సిబ్బంది అందరం మనసారా కోరుకుంటున్నాము.