అరవై లెక్కపెట్టేదాకా

పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారి మంచం దగ్గర ఇద్దరు: ఆ ఇంటి కోడలు, బుధవారం ప్రార్థనకి వచ్చిన అత్తగారి స్నేహితురాలు.

“...ఈ బిడ్డ నాలుకని విడిపించు తండ్రీ! ఇప్పుడే, ఈ క్షణమే, ఈ మంచం మీదే మాట్లాడించు ప్రభువా! స్తోత్రం, స్తోత్రం, స్తో—”

“పిన్నిగారూ.”

“—త్రం! ఏంటమ్మాయ్, ప్రార్థన మధ్యలో?”

“అత్తయ్య ఏదో అనబోయింది.”

“ఎప్పుడు?”

“మీరు మాట్లాడించమన్నప్పుడు.”

“నాకేం వినపళ్లేదే.”

“మీరు స్తోత్రం అంటున్నారు.”

“మరి అనొద్దా?”

“అనండి. కాస్త ఆగి అనండి.”

“ఆగితే ఊపు పోతుంది. ఇరవై రెండేళ్లుగా ప్రార్థన చేయిస్తున్నా, నాకు తెలీదా? ఊఁ, కళ్లు మూసుకో. తండ్రీ—”

“పోయిన బుధవారం కూడా ఇదే పిన్నిగారూ. మీరు అడుగుతారు. ఆవిడ నోరు తెరుస్తుంది. మీరు ఇంకా గట్టిగా అడుగుతారు. ఆవిడ మూసేస్తుంది.”

“నువ్వు కళ్లు తెరుచుకుని ప్రార్థన చేస్తున్నావా?”

“పదకొండు వారాలు మూసుకునే చేశాను. పోయిన వారం తెరిచాను.”

“అదీ సంగతి. అందుకే ఇంకా జవాబు రాలేదు.”

“మాటలు నేర్పే డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసా? ఈవిణ్ణి ఏదైనా అడిగితే, అడిగాక మనసులో అరవై లెక్కపెట్టమంది. మాట లోపల తయారై నోటిదాకా రావడానికి అంతసేపు పడుతుందట. మధ్యలో మనం అందుకున్నామా, మళ్లీ మొదటికే.”

“అరవయ్యే!”

“అరవై.”

“మీ ఇంట్లో లెక్కపెడుతున్నారా మరి?”

“ఎక్కడ! అత్తయ్య నోరు తెరిస్తే చాలు, మా ఆయన మంచినీళ్లు పట్టుకొస్తారు. నెల నుంచి తాగుతూనే ఉంది పాపం.”

“ఏం వదినా, నీళ్లు కావాలా? వద్దా? సరే.”

“చూశారా. ఒకటి కూడా లెక్కపెట్టలేదు.”

“మొహం చూస్తే తెలీదా అమ్మా, ముప్పై ఏళ్ల స్నేహం మాది. ఇంతకీ ఏమంటావ్?”

“అడగాల్సింది అడిగేశారు. ఇక ఊరుకుందాం. ముగ్గురం.”

“ఊరుకుంటే దాన్ని ప్రార్థనంటారా? అడగందే అమ్మయినా పెట్టదు.”

“అడిగాక కంచం ముందు కూర్చోవాలిగా. మీరు అడుగుతూ అడుగుతూ వీధిలోకి వెళ్లిపోతున్నారు.”

“ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారని, నీది ఎప్పుడూ ఇంతే.”

“నాది కాదు. ప్రార్థనలో సగం వినడమేనని మొన్న ఆదివారం పాస్టరుగారే చెప్పారు.”

“చెప్పారు. ముప్పావుగంట చెప్పారు.”

“నా ఉద్యోగం చూడండి. కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను. కరెంటు పోయిందంటారు. వెంటనే ‘నమోదు చేసుకున్నాం’ అన్నామనుకోండి, అక్కడితో సరి. కాస్త ఆగితే, ‘ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానమ్మా’ అంటారు. ఆ రెండో మాట కోసమే వాళ్లు ఫోన్ చేసేది.”

“కరెంటాఫీసూ దేవుడూ ఒకటేనా?”

“కాదు. కానీ మనమే ఫోన్ చేసి, మన గోడు వెళ్లబోసుకుని, ఆయన హలో అనకముందే పెట్టేస్తున్నాం.”

“నీతో వాదించలేనమ్మా. సరే, ఊరుకుందాం. మొదలుపెట్టు.”

“మొదలుపెట్టేదేం లేదు. ఊరుకోవడమే.”

“ఊఁ.”

“...”

“ఎంతైంది?”

“తొమ్మిది.”

“తొమ్మిదేనా!”

“మళ్లీ ఒకటి నుంచి.”

“...ఆ ఫ్యాను చూడు, ఎలా కీచుమంటోందో. కాస్త నూనె వేయించకూడదూ?”

“పిన్నిగారూ.”

“ప్రార్థనకి అడ్డమని చెప్పా.”

“పదిహేడు దాకా వచ్చాం. మళ్లీ ఒకటి.”

“లోపల స్తోత్రం అనుకోవచ్చా?”

“అనుకోండి. పెదవులు కదపకుండా.”

“కదపకుండా రావట్లేదే.”

“...ఎక్కడికి? బ్యాగెందుకు తీశారు?”

“ఇంకా రెండిళ్లు చూసుకోవాలి. వచ్చే బుధవారం ఊరుకుందాంలే.”

“అత్తయ్య మీ చెయ్యి పట్టుకుంది, చూడండి.”

“వదలవే వదినా. వదులు.”

“వదలదు. పడిపోయింది కుడివైపు. ఆ ఎడమ చేతికి బలం బాగా ఉంది.”

“నొప్పెడుతోంది.”

“కూర్చుంటే నొప్పెట్టదు. మీకెందుకింత కంగారు? ఆవిడకి మాట రావాలని మూడు నెలలుగా గొంతు చించుకుంటున్నారు. తీరా మాట్లాడబోతే మీరే ఆపుతున్నారు.”

“నేనా? నేనెందుకు ఆపుతా?”

“అదే నేనూ అడుగుతున్నా.”

“...”

“...”

“ఏంటలా చూస్తావ్? నన్ను కూడా లెక్కపెడుతున్నావా?”

“ముప్పై ఒకటి.”

“...భయమే తల్లీ.”

“దేనికి?”

“మాటొస్తే మొట్టమొదట నన్నే అంటుంది. అందుకు.”

“మిమ్మల్నేమంటుంది?”

“ఆ రోజు చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికలో పడిపోయిందని చెప్పాను కదా మీకు.”

“చెప్పారు. పడిపోగానే ఆటోలో ఆసుపత్రికి తెచ్చామన్నారు.”

“పడిపోగానే తెచ్చాం. పడకముందు సంగతి చెప్పలేదు.”

“చెప్పండి.”

“వదిన వింటోంది.”

“ఆవిడకి తెలిసిందే కదా. నాకు చెప్పండి.”

“అందరం గట్టిగా ప్రార్థన చేస్తున్నాం. వదిన నా పక్కనే. ఉన్నట్టుండి మాట మారిపోయింది. ఏవో శబ్దాలు. ఒక్కటీ అర్థం కాదు. కళ్లెంట ధారగా నీళ్లు. ఇన్నేళ్లలో ఎంతమందికి ఆత్మ దిగి, ఎవరికీ అర్థంకాని అన్యభాషలు వచ్చాయో! వదినకి మాత్రం ఎప్పుడూ రాలేదు. నాకే ఎందుకు రావు వదినా అని ఎన్నిసార్లు ఏడ్చిందో. ఆ రోజు వచ్చేశాయనుకున్నా. సంతోషం పట్టలేకపోయానమ్మా. అందర్నీ లేపి చప్పట్లు కొట్టించా. ఇంకా మాట్లాడు వదినా, ఇంకా, అని అరిచా. వదిన నా చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది. నేను ఆ చెయ్యిని పైకెత్తి పట్టుకున్నా.”

“ఎంతసేపు?”

“...”

“ఎంతసేపు పిన్నిగారూ?”

“ఇరవై నిమిషాలు.”

“...ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగాడు. రెండుసార్లు అడిగాడు.”

“ఇప్పుడే అని నేనే చెప్పా. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఊరుకుంటే చాలు, ఆ చప్పట్లే వినిపిస్తాయి. అందుకే అరుస్తున్నా.”

“...”

“ఏదో ఒకటి అను తల్లీ. తిట్టు.”

“కోపం వస్తోంది. చాలా వస్తోంది. మిమ్మల్ని గుమ్మంలోకి రానిచ్చి, పన్నెండు వారాలు టీ పెట్టి ఇచ్చాను.”

“ఇక రానులే. వదినా, ఒక్కసారి నన్ను క్షమిం—”

“ష్! నోరు తెరిచింది.”

“ఒక్కమాట చెప్పి—”

“చెప్పొద్దు. పది.”

“తిడుతుంది.”

“తిట్టనివ్వండి. ఇరవై.”

“...”

“నే...”

“వచ్చింది! స్తో—”

“పిన్నిగారూ!”

“...”

“నలభై. ఏడుపు కూడా ఆపుకోండి. నలభై ఐదు.”

“నే... నూ...”

“...”

“...”

“నేనూ... వచ్చేశాయనే... అనుకున్నా... వదినా.”