టైపు అక్క అడవికి వచ్చిన ఆదివారం

ఏ ఫొటో, ఇటివ్వు. ఆగు, కళ్ళద్దాలు పెట్టుకోనీ. ఓహో, ఈవిడా! చుట్టం కాదమ్మడూ, మా అటవీ ఆఫీసులో టైపిస్టు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అందరం టైపు అక్క అనేవాళ్ళం. మనిషి ఇంతే, మూరెడు కూడా ఉండదు. మెషీను అందడానికి కుర్చీలో రెండు పాత ఫైళ్ళు వేసుకుని వాటి మీద కూర్చునేది. ఇరవై ఏళ్ళు అడవి గురించి టైపు కొట్టింది గానీ అడవిలో కాలు పెట్టింది లేదు. పురుగూ పుట్రా అంటే హడలు. నవ్వకు, ముందు విను.

నేను అప్పుడు అడవి కాపలా. ఏడాదికోసారి రెండు చోట్ల నాలుగు మూలలా తాడు కట్టి, అందులో ఉన్న చెట్టూ చేమా, పుట్టగొడుగూ, కప్పా, పిట్టా అన్నీ కలిపి ఎన్ని రకాలో, నంబరేసిన పెద్ద చెట్ల లావు ఎంతో రాసివ్వాలి. గుట్ట మీది చోటు సుఖం. పలచటి మట్టి, మాడ్చేసే ఎండ, రివ్వున గాలి, పాతిక రకాలకు మించి ఏం బతుకుతాయక్కడ? లోయలో వాగు పక్కన చోటుంది చూశావూ, అది నరకం. నల్ల మట్టి, చిక్కటి నీడ, ఎప్పుడూ తడి. పడిపోయిన మానొకటి తిరగేస్తే దాని కింద ఒక ఊరు ఊరే ఉంటుంది. నాచు, నాచులో పురుగులు, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం ఇంకేవో. నూట పన్నెండు రకాలు! ఎంచేసరికి నడుం పడిపోయేది. పైగా జలగలు. ప్యాంటు లోపలికి దూరి... సరే, అది వద్దులే. ఇంతకీ నేనేం చేశానంటే, ఇప్పుడు సిగ్గేముంది, వరసగా రెండేళ్ళు ఆ లోయలోకి దిగలేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని, పాత జాబితాల్లో చేతికొచ్చింది చూసి కొత్తది రాసేశాను.

రెండో ఏడు జాబితా ఇచ్చిన మర్నాడు అక్క పిలిచింది. "తమ్ముడూ, నలభై ఒకటో నంబరు చెట్టు గాలికి పడిపోయిందని మూడేళ్ళ కిందట నువ్వే రాశావు. ఈ ఏడు రెండంగుళాలు లావెక్కిందట. లేచి నిలబడిందా?" ఆవిడ పైకి చెబితే నా ఉద్యోగం గోవిందా. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఆదివారం నేనూ వస్తా, ఇద్దరం ఎంచుదాం" అంది. ఈవిడా, అడవికా!

వచ్చింది. వాళ్ళాయన బూట్లలో కాగితాలు కుక్కుకుని, మోకాళ్ళ దాకా సబ్బు రాసుకుని, జలగల మీద చల్లడానికి ఉప్పు పొట్లం పట్టుకుని. లోయలోకి దిగి గంటైనా ఒక్క జలగ అంటుకోలేదు. "నీ అదృష్టం అక్కా" అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. "జలగే లేదంటే తడి లేనట్టు కదూ?" అంది. అప్పుడు చూశాను నేల. వాగు ఎండి రాళ్ళు బయటపడ్డాయి. నాచు పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కప్ప గొంతు లేదు. పెద్ద చెట్లు మాత్రం అలాగే ఉన్నాయమ్మా, దూరం నుంచి చూస్తే పచ్చటి అడవే. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, ఆకులు తోసి తోసి చూసి, "తల్లులు ఉన్నారు, పిల్లలేరీ తమ్ముడూ?" అంది. మొలిచి మాడిపోయినవి తప్ప పిల్ల మొక్క లేదు. పొద్దు వాలేదాకా ఎంచితే అరవై ఏడు రకాలు. వాగు వెంబడి పైకి ఎక్కి చూశాం. మా పెద్దాఫీసరు తన బంగళా పూలతోట కోసం అడ్డకట్ట కట్టించి, పైపు వేయించి, నీళ్ళన్నీ అటు మళ్ళించేశాడు. నేను ఏటా దిగి ఉంటే మొదటి ఏడే తెలిసిపోయేది.

సోమవారం అక్క అరవై ఏడని కొట్టిన కాగితం చూసి పెద్దాఫీసరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. ఆయన గొంతు, గచ్చు మీద బీరువా ఈడ్చినట్టుండేది. "పాత అంకే కొట్టమ్మా, అడవి సంగతి నీకెందుకు?" ఆ మూరెడు మనిషి ఏమందో తెలుసా? "అబద్ధం నా వేళ్ళ మీదుగా పోవాలి కదండీ, పోనివ్వను" అంది. ఆయన నా వైపు తిరిగాడు. "ఏరా, నువ్వెంచిందెంత?" అక్క నా వంక చూడను కూడా చూడలేదు. చూసుంటే, ఆవిడ మొహం చూసి చెప్పాను అనుకునేవాణ్ణి. నీళ్ళు నమిలి నమిలి, "అరవై ఏడండీ. ముందు రెండేళ్ళూ అసలు ఎంచలేదండీ" అనేశాను.

నన్ను ఆర్నెల్లు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆవిణ్ణి కిటికీ లేని పాత రికార్డుల గదిలో పడేశారు. కానీ ఆ కాగితం కార్బన్ కాపీ అప్పటికే పై ఆఫీసుకు పోస్టు చేసేసింది మహాతల్లి! పై నుంచి ఎవరో వచ్చారు, వాగు వెంట నడిచారు, కట్ట తీయించేశారు. ఆ పూట సెలవు పెట్టి మరీ వచ్చింది అక్క. ముందు నీళ్ళు కాదమ్మా, చప్పుడొచ్చింది. తర్వాత ఆకులూ చెత్తా తోసుకుంటూ ఇంత సన్నటి ధార. ఆవిడ బూట్లు విప్పేసి వాగులో కాళ్ళు పెట్టింది, పురుగంటే హడలే మనిషి.

అప్పట్నుంచి ఏటా జాబితా ముందు ఆ చీకటి గదికి తీసుకెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. డెబ్భై ఒకటి అంటే నవ్వేది, ఎనభై నాలుగు అంటే నవ్వేది. అన్నీ తిరిగి రాలేదులే. ఎర్ర మచ్చల చిన్న కప్ప ఒకటుండేది, గోరంత. అది మళ్ళీ కనబడలేదు. నేను దిగని ఆ రెండేళ్ళలోనే పోయుంటుంది. ఏటా అడిగేది, "కప్ప?" అని. లేదక్కా అంటే, ఊఁ అని ఊరుకునేది. ఒక్కసారీ నన్ను ఒక్క మాట అనలేదు.

ఆవిడ కన్నుమూసిన ఏడు తొంభై ఎనిమిది వచ్చాయమ్మా. తొంభై ఎనిమిది! లోయలోంచి ఒంటి మీది బురదతోనే పరిగెత్తి, అలవాటుగా ఆ గది దాకా వెళ్ళిపోయాను, జాబితా పట్టుకుని. తలుపు తోస్తే, కుర్చీలో ఆ రెండు పాత ఫైళ్ళే...

ఆ కిటికీ వెయ్యి అమ్మడూ, చలిగాలి కొడుతోంది.