పిండిమర జోల

ప్రవల్లిక అని ఒక పిల్ల ఉందంట, మన నిమ్మతోటలోనే. నిమ్మతోట అంటే ఇప్పుడు పేరుకే తోట అనుకోండి, పెద్దలు మీకు తెలియంది కాదు. నిమ్మచెట్టు చూద్దామన్నా లేదు, ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. ఒకటి లేచేసరికి పక్కన ఇంకోదానికి గుంట తవ్వుతుంటారు. ఆ పిల్ల చంటోణ్ణి కన్నది కూడా అట్లాంటి గుంట పక్కింట్లో ఉండగానే. పొద్దున లేస్తే కాంక్రీటు కలిపే మిషను గడగడ, రాళ్ళు కోసే మిషను గుర్రుగుర్రు, ఇనుము దించే లారీ దడదడ. పెద్దవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకు తిరిగేవాళ్ళు గానీ, ఆ చంటోడు మాత్రం మహారాజులాగా నిద్రపోయేవాడంట. "ఎంత బుద్ధిమంతుడే నీ కొడుకు" అని చూసినవాళ్ళందరూ మెటికలు విరిచి పోయేవాళ్ళు.

ఏమైందంటే, ఆ పిల్ల ఆఫీసులో పెట్టిన కాన్పు సెలవు అయిపోయే వేళకి ఆ బిల్డింగు కూడా అయిపోయింది. ఆ వీధిలో ఇక తవ్వేందుకు ఖాళీ జాగా లేదు. మిషన్లు పోయినై, లారీలు పోయినై, వీధంతా నిశ్శబ్దం. ఆ రోజు నుంచీ వీడికి కునుకు లేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇక చూడండి ఆయాల వరస. మొదటామె వచ్చి ఊపిందంట, తర్వాతామె వచ్చి పాడిందంట, ఆ తర్వాతామె ఊపుతూ పాడుతూ తనే ఏడ్చిందంట. "అమ్మా, వీడు పిల్లోడు కాదు, పోలీసోడు. తను రెప్ప వెయ్యడు, మనల్ని వెయ్యనివ్వడు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పిల్లల్ని చూసుకునే బడి ఒకటుంది మెయిన్ రోడ్డు మీద. అక్కడికి పోతే, కడుపుతో ఉన్నప్పుడే పేరు రాయించుకోవాలండీ అన్నారంట. భర్తకేమో తెల్లారకముందే బస్సెక్కే ఉద్యోగం. తల్లి లేదు. అత్తగారు మంచంలో ఉన్న మామగారిని వదిలి రాలేదు. ఆఫీసువాళ్ళు మర్యాదగానే చెప్పారు, సోమవారం వచ్చి కూర్చోకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని. చదువుకుని, నలుగురితో పోటీపడి తెచ్చుకున్న కుర్చీ అది. దాని మీదా ప్రాణమే, చంటోడి మీదా ప్రాణమే. దేన్ని వదులుకుంటుంది చెప్పండి?

అట్లా దిగులుగా ఉండి, వాడి జావకి రాగులు ఆడించుకుందామని వాణ్ణి భుజానేసుకుని సామ్రాజ్యమ్మ పిండిమరకి పోయింది. సామ్రాజ్యమ్మ తోటలున్నప్పటి మనిషి. ప్యాకెట్ల పిండి వచ్చాక ఆమె మరకి వచ్చేవాళ్ళు తగ్గారు. ఆ కోపమంతా మొగుడు పున్నయ్య మీద. పాపం ఆయనకి ఒక్కటే లోపం, గురక. ఆ గురకకి పాలిచ్చే గేదె బెదిరి తాడు తెంపుకుందని, గేదెని ఇంటి పక్కకి తెచ్చి, ఆయన మంచాన్ని పెరటి కొట్టంలోకి పంపించింది. అది అట్లా ఉంచండి. మర స్విచ్చి వెయ్యబోతూ, "పిల్లోడి చెవులు మూయమ్మా, జడుసుకుంటాడు" అన్నదంట. ప్రవల్లిక మూసేలోపే బెల్టు తిరిగింది, మర గడగడమంది, వీడేమో తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. రాగులు అయిపోయినై, మర ఆగింది. కళ్ళు తెరిచి గుక్కపట్టాడు. "ఉండుండు" అని సామ్రాజ్యమ్మ మరలో రాళ్ళు ఒరుసుకోకుండా ఎడం చేసి ఉత్త మర తిప్పింది. పడుకున్నాడు. ఆపింది. లేచాడు. అప్పుడు ప్రవల్లిక నవ్విందంట, ఏడ్చిందంట, రెండూ ఒకేసారి. "పిన్నిగారూ, వీడు పుట్టిన దగ్గర్నుంచీ విన్న జోల ఇదే కదా. నాకు తట్టనే లేదు." "అయితే రోజూ ఇక్కడే పడుకోనీవే. నాకా పని లేదు, మరకా పని లేదు" అన్నది ఆమె. అని, మర గది వెనక పిండి ఎగరని చోట ఉయ్యాల కట్టింది. ఆ వీధిలో ఆ ఏడు పుట్టిన పిల్లలందరిదీ అదే వరస కదా, వాళ్ళ అమ్మలూ ఎత్తుకొచ్చారు. సోమవారానికి అక్కడ ఉయ్యాలల బారు తయారైంది.

సోమవారం ప్రవల్లిక పోయి కుర్చీలో అట్లా కూర్చుందో లేదో, ఫోనులో మెసేజీ వచ్చింది. నిమ్మతోటలో కొత్త బిల్డింగుకి లైను లాగుతున్నారు, సాయంత్రం దాకా కరెంటు ఉండదు అని. ఒక చేత్తో బ్యాగు తగిలించుకుంటూనే ఇంకో చేత్తో ఫోను చేసింది. "పిన్నిగారూ, నేను వచ్చేస్తున్నా."

"ఎందుకమ్మా?"

"కరెంటు పోయిందంటగా."

"పోయింది."

"మరి మర తిరుగుతోంది, నాకు వినిపిస్తోందిగా?"

సామ్రాజ్యమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుందంట. ఇన్నేళ్ళు తిట్టిన నోరు, మెచ్చుకోవడానికి తిరగాలంటే టైము పడుతుంది కదండీ.

"అది మర కాదే. మీ బాబాయి" అన్నది. "ఉయ్యాలల మధ్యన మంచం వేయించా. పిల్లలందరూ పడుకున్నారు, మీవాడైతే ఒక కాలు బయటికి వేలాడేసి మరీ పడుకున్నాడు. నువ్వు నీ పని చూసుకో. గట్టిగా మాట్లాడకు, ఆయన లేస్తాడు."

ప్రవల్లిక బ్యాగు కింద పెట్టింది. కుర్చీ దక్కింది.

ఆ రోజు నుంచీ మరకి పూర్తిగా విశ్రాంతి. పున్నయ్యకి మాత్రం మధ్యాహ్నం నెయ్యేసిన అన్నం, నెత్తిమీద ఫ్యాను. టీ ఒక్కటే మాన్పించింది, నిద్ర చెడుతుందని. ఆయన కూడా ఎవరన్నా పలకరిస్తే, "తర్వాత మాట్లాడదాం, డ్యూటీకి టైమైంది" అంటున్నాడంట. ఇదీ జరిగిన సంగతి. ఇప్పుడు మీలోనే ఒక పెద్దమనిషి, పేరెందుకులెండి, ఆ అరుగు చివర నా కథ సగంలో ఉండగానే డ్యూటీ మొదలుపెట్టారు. పక్కావిడ మోచేత్తో పొడవబోతే నేనే వద్దన్నాను. ఒళ్ళో పిల్లలున్నవాళ్ళు కాస్త ఆయన వైపు జరిగి కూర్చోండి.