అది దాటేదాకా

ఓడలోని గదిలో అక్క టెలిఫోను చెవికి అదిమి పట్టుకుంది. మూడు కిలోమీటర్ల కింద, సముద్రం అడుగున, ఒక్క మనిషే పట్టే జలాంతర్గామిలో తమ్ముడు ఉన్నాడు.

“ఇనప దిమ్మలు వదిలెయ్‌రా. బరువు తగ్గితేనేగా పైకొచ్చేది!”

“సరిగ్గా దిమ్మల కిందే ఏదో పాకుతోందక్కా. గాజులా ఉంది, గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తోంది. వీపు నిండా పిల్లలు. ఇలాంటిదాన్ని ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు.”

“పక్కకి జరుగు మరి.”

“మోటారు తిప్పితే బురద లేచి పిల్లలు కొట్టుకుపోతాయి. ఇరవై నిమిషాల్లో అదే దాటిపోతుందిలే.”

“పైకి రావడానికి రెండు గంటలు. నీ దగ్గరున్న గాలి రెండుంపావు గంటలకే. ఆ ఐదు నిమిషాలు ఎక్కణ్ణుంచి తెస్తావ్?”

“మాట్లాడకుండా, కదలకుండా కూర్చుంటే గాలి మిగులుతుందని నేర్పింది నువ్వేగా. ఇక నేను నోరెత్తను. నువ్వే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.”

“ఒరేయ్! ఒరేయ్, నిన్నే!”

అవతల చప్పుడు లేదు.

“చిన్నప్పుడూ ఇంతే. చీమల బారు దాటేదాకా గుమ్మం దిగేవాడివి కాదు. నీకోసం ఆగి, బళ్ళో నేను కూడా గోడకుర్చీ వేసేదాన్ని. వింటున్నావా?... వద్దు వద్దు, పలక్కు.”