మదురై దాకా పోయిన నూలుపోగు

పెరుమాళ్సామి రాజా నోరు విప్పితే కన్నమ్మాళ్‌కు పొయ్యి మీది పాలు కూడా గుర్తుండవు. నూలు మిల్లు గేటు ఎదుట ఆమెది తాటిబెల్లం కాఫీ అంగడి. ఆయన ఆ మిల్లులోనే మేస్త్రీగా చేసి మానుకున్న మనిషి. యుద్ధం ముగిసిన ఏడాది సేత్తూరు రోడ్డులో పాలరాయి బల్లలతో కొత్త కాఫీ హోటల్ ఒకటి వెలిసింది. అప్పటినుంచి ఆమె అంగడికి వచ్చేవాళ్లు సగమయ్యారు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే నడిస్తే పొయ్యి ఆర్పేసి, మంసాపురంలో అన్న ఇంటికి పోయి, వదిన చేతికింద బతకాలి. తలుచుకుంటేనే ఆమెకు గుండె జారిపోయేది. ఆ మిగిలిన సగమైనా రాజా కథల కోసమే వస్తున్నారని ఆమె నమ్మకం.

ఆ మధ్యాహ్నం షిఫ్టుకు పోయేవాళ్లు నలుగురు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. తళవాయిపురం తంగవేల్ అందరికీ కాఫీ చెప్పాడు. ఇదిగో అంది కన్నమ్మాళ్. అంతలోనే రాజా భుజం మీది తువ్వాలు దులిపాడు. ఇంకేముంది, ఆమె గరిటె గాలిలోనే నిలిచిపోయింది.

“నిన్న చేసినట్టే ఇయ్యాళ చేసేవాడు పనివాడు కాదప్పా, గానుగెద్దు. నేను చేరినప్పుడు మిల్లు ఎట్లుండె తెలుసునా? ఆడి నెల, అదే ఆషాఢం. ఆడిగాలికి సన్నికల్లు కూడా ఎగురునంటారు గదా, ఆ గాలి కిటికీలో దూరితే నూలు ఎండిపోయి పటపటా తెగేది. తెగిన పోగు ముడేసేదే పని అని అందరూ ముడేస్తా ఉండిరి. నేను ఒకడినే యోచన చేస్తిని. తెగినాక ముడేసేది ఎందుకు, తెగకుండా చేసేదానికి దారి లేదా? గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టిస్తిని. గాలి తేమగా లోపలికి వచ్చె. తెగేది సగానికి సగం తగ్గిపోయె.”

ఇంతవరకు నిజమే కావచ్చు, ఆ తడి గోనెపట్టాలు మిల్లు కిటికీలకు ఇప్పటికీ వేలాడుతున్నాయి. ఎంత బుర్ర ఈ మనిషికి అని కన్నమ్మాళ్ ఎప్పటిలాగే మురిసిపోయింది.

“అంతటితో నిల్చినానా? సగం తగ్గితే చాలునా అంటిని. గోడలకు కట్టిస్తిని, దూలాలకు కట్టిస్తిని, మేనేజరు కుర్చీకి కూడా కట్టిస్తిని. తేమ ఎక్కి ఎక్కి మిల్లు లోపలే మబ్బు పట్టె. ఆ తర్వాత ఏమాయెనో తెలుసునా?”

“వాన పడెనా?” అన్నాడు పక్కనున్న వేలుసామి.

“పడకుండా ఉండునా? ఒక చేత్తో గొడుగు పట్టుకొని ఇంకో చేత్తో మిషన్ చూసుకొంటిమి. ఇంక నూలు తెగనే తెగదు. అదొక తొందర, పెద్ద తలనొప్పి అయిపోయె. కొస మిషన్‌లోనే ఉండంగా మూట కట్టి గూడ్సు బండి ఎక్కిస్తిమి. బండి పోతా ఉండె, పోగు సాగుతా ఉండె. శివకాశి దాటె, విరుదునగర్ దాటె, మదురై వచ్చె. ఆడ బ్రేకు పడలే. గార్డు జెండా పారేసి కళ్లు మూసుకొనినాడు. నేను ఈడ, ఈ రెండు వేళ్లతో, మెల్లగా పోగు లాగితిని. బండి నిల్చె.”

కన్నమ్మాళ్‌కు ఆ వేళ్ల మీదినుంచి చూపు రాలేదు. తంగవేల్ కాఫీ అని మళ్లీ అన్నాడు. ఆమెకు వినబడలేదు.

“ఆ పక్క కొసను మదురై సెట్టియారు కొట్టులో గుంజకు కట్టుకొనినాడు. ఒకసారి లాగితే ఒక మూట పంపించమని, రెండుసార్లు లాగితే రెండు. తంతి ఆఫీసాయన పరుగెత్తి వచ్చి నా కాళ్ల మీద పడినాడు, మా పిల్లలు ఏం తినేది రాజా అని.”

“నిరుడు ఆ బండి విరుదునగర్‌లోనే నిల్చె గదా రాజా,” అన్నాడు తంగవేల్. “ఈ ఏడు మదురై ఎట్ల పోయె?”

బెంచీ అంతా గొల్లుమంది. రాజా మాత్రం రెప్ప కూడా వాల్చలేదు. “నిరుటి సరుకే ఈ ఏడూ పరిస్తే నువ్వు ఈడ కూర్చొంటావా? సేత్తూరు రోడ్డుకు పోవా?”

అందరికంటే గట్టిగా నవ్వింది కన్నమ్మాళే. తంగవేల్ ఆమె వైపు తిరిగాడు.

“సరుకు బాగుండాది అక్కా. కాఫీనే రాలే. అడిగి అడిగి నోరు ఎండిపోయె. సేత్తూరు రోడ్డుకు పోయినోళ్లంతా ఇందుకే పోయినారు.”

షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు కూసింది. నలుగురూ కాఫీ తాగకుండానే లేచి గేటులోకి పరుగెత్తారు.

కన్నమ్మాళ్ నవ్వు ఆరిపోయింది. అంగడిని నిలబెడుతున్నాయనుకున్న కథలే తన చేతులు కట్టేశాయి. సిగ్గేసింది, భయమూ వేసింది. పోనీ ఆయన్ను రావద్దందామా అంటే, ఆ కథలు లేని మధ్యాహ్నాన్ని ఊహించుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

అప్పుడే షిఫ్టు దిగినవాళ్లు గేటు దాటి ఇటే వస్తున్నారు. రాజా మళ్లీ తువ్వాలు దులిపాడు. కన్నమ్మాళ్ కాఫీ చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఏమిది?” అన్నాడు రాజా బిత్తరపోయి.

“మీరు చెప్తా ఉంటే నా చేతులు ఆడవు రాజా. మీవి ఊరికే ఉండాయి గదా. మీరే కాఫీ పోస్తా కథ చెప్పండి.”

“నేనా? పోసేదా?”

“మదురైలో రైలును నిలిపిన చెయ్యి, చెంబు మొయ్యలేదా?”