ఒబదయా కాల్చిన బాతు

"ఎవడన్నాడా మాట? నా మొహం మీద అనమనండి! నేను కాల్చిన బాతుని కుక్కలు కూడా ముట్టలేదని ఎవడన్నాడు?"

ఒబదయా పొయ్యి డేరాలోకి వంగి వస్తూనే అరిచాడు. నాలుగు రోజులుగా జేమ్స్ అఖాతం ఒడ్డంతా పొగమంచు కమ్మేసి ఒక్క అడవి బాతూ ఎగరలేదు. వేటకు పోలేక ముసలి మలకై, ఒబదయా మేనల్లుడు సింక్లేరు, వదిన జెమైమా, నేల మీద పరిచిన స్ప్రూస్ చెట్టు రెమ్మల మీద కూర్చుని టీ తాగుతున్నారు. జెమైమా పక్కన, ఈకలు పీకిన బాతులు ఆరు వరసగా ఉన్నాయి. మర్నాడు సింక్లేరు కూతురు మొదటిసారి తన కాళ్ళ మీద తాను డేరా దాటి బయటికి నడిచే పండుగ. విందుకి ఉన్నవి ఆ ఆరే. వాటిని ఎవరు కాల్చాలన్నదే తగువు.

"ముట్టాయిలేరా," అన్నాడు మలకై. "ముట్టి వదిలేశాయి. ఆదివారం నువ్వు కాల్చినవి మూడూ మట్టిపాలయ్యాయి. ఆ సాయంత్రమే పొగమంచు దిగింది. మనం పారేశామని బాతులకి కోపమొచ్చింది."

"బాతులకి కోపమా? నాకు రాలేదా కోపం? పొగమంచు కూడా నా నెత్తినే రుద్దుతారా? నిన్నగాక మొన్న పెళ్ళైన పిల్లలు ఊళ్ళో బాతుని ఓవెన్‌లో కుక్కి, పైన సూప్ పొడి చల్లి, అదో వంటని తింటారు, వాళ్ళని ఎవడూ అనడు! నన్నంటారు! సింక్లేరూ, ఆ టీ ఇటివ్వు. ఇంచుమించు ముప్ఫై ఏళ్ళ కిందట, నది మంచు జూన్ దాకా కరగని ఏడు, నీకు పాల పళ్ళు కూడా రాలేదు, ఆ ఏడు ఈ ఒడ్డు మొత్తాన్ని బతికించిందెవడనుకున్నావు?"

"ఎవరు మామా?"

"ఒక్క బాతు! నేను కొట్టిన ఒక్క బాతు. ఎక్కువ చెప్పను, నాకు కోతలు కొయ్యడం చేతకాదు. ఒక్కటంటే ఒక్కటి. దాన్ని మంట దగ్గర దారానికి వేలాడదీశాను. తడి స్ప్రూస్ కట్టె పెట్టలేదు, దాని జిగురు పొగ మాంసానికి పడితే చేదు. ఎండిన టామరాక్ కట్టె, నెమ్మది మంట. దారాన్ని మెలి పెట్టి వదిలితే బాతు అటు తిరిగి, ఇటు తిరిగి, నలువైపులా సమంగా కాలుతుంది. కింద పెనం, కొవ్వు పట్టడానికి. అప్పటికి మలకై వాళ్ళ నాన్నకి నోట్లో పన్ను లేదు, ఆయన తొడముక్క ఎముకతో సహా నమిలాడు. అవునా కాదా?"

"మా నాన్న చప్పరించాడు," అన్నాడు మలకై.

"నమిలాడు! నేను కళ్ళారా చూశాను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన నది దాటింది. అవతలి గట్టు మీద డేరాలు వేసినవాళ్ళు, మంచు కాళ్ళ కింద పెళపెళ విరుగుతున్నా లెక్కచెయ్యకుండా గిన్నెలు పట్టుకుని వచ్చేశారు. వాళ్ళ వెనకాల ఎలుగుబంటి. చలికాలమంతా పడుకున్న ఎలుగుబంటి, కళ్ళింకా సగం మూసుకునే ఉంది, వచ్చి వరసలో ఆఖర్న నిలబడింది. తోసుకోలేదు. మనవాళ్ళ కంటే మర్యాద తెలిసిన జంతువు! దానికి మెడ ఇచ్చాను, తీసుకుని పోయింది."

సింక్లేరు నవ్వు ఆపుకోవడానికి కప్పులోకి మొహం దించాడు.

"నవ్వు, నవ్వు. నీ పెళ్ళాం ఓవెన్‌లో వండిన దాని దగ్గరికి ఎలక కూడా రాదు. కొవ్వు సంగతి చెప్పనా? పెనం నిండింది, కెటిల్ నిండింది, ఇంకా కారుతోంది. పడవ తెచ్చి కింద పెట్టాను. పడవా నిండింది! ఆ కొవ్వు పిండిలో కలిపి కాల్చిన రొట్టెలు ఒడ్డు పొడుగునా తొమ్మిది డేరాలవాళ్ళు వారం రోజులు తిన్నారు. మిగిలింది పొర్లిపోయి నది మీదికి జారింది, ఆ వేడికి మంచు ఫెళ్ళున రెండు చెక్కలైంది. జూన్ దాకా కరగని మంచు! ఆ ఏడు వసంతం తనంతట తాను రాలేదర్రా, నేను తెప్పించాను!"

"దేవుడికి పని తగ్గించావన్నమాట," అన్నాడు మలకై.

"వెటకారమా? నీ వయసుకి ఊరుకుంటున్నాను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దక్షిణాన ఆనకట్ట పనివాళ్ళ హెలికాప్టర్ ఉంటుందే, దాని పైలట్ రెండొందల మైళ్ళ అవతల ముక్కు ఎగబీల్చి, దారి తప్పి, వాసన పట్టుకుని సరిగ్గా నా డేరా పక్కన దిగాడు. ఒక్క రెక్క ముక్క పెట్టండి బాబూ అని బతిమాలాడు. పెడతాను గానీ నా చెయ్యి నొప్పెడుతోంది, నువ్వు తిప్పు అన్నాను. హెలికాప్టర్ పంకాకి దారం కట్టాం. బాతు గిర్రున తిరిగింది చూడు! ఉత్తరానికి పోతున్న బాతుల గుంపులు మూడు ఆగి, వెనక్కి తిరిగి, మా నెత్తి మీద అదే తీరున గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి. కాలుతున్నది తమ మనిషేనని తెలిసి కూడా! ఆఖరికి దారానికి వేలాడుతున్న నా బాతే, తన వాసన తట్టుకోలేక, మెడ తిప్పి తన వీపు తనే వాసన చూసుకుంది!"

"మెడ ఎలుగుబంటికిచ్చానన్నావుగా మామా?"

"అది ఇంకో మెడరా!" ఒబదయా కప్పు నేలకేసి కొట్టాడు, టీ రెమ్మల మీద చిందింది. "ఇన్నేళ్ళు తిన్నారు, వేళ్ళు నాకారు, ఎముకలు చెట్టుకి కట్టి మరీ దణ్ణం పెట్టారు. ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం ఏదో తేడా వస్తే, చిన్నా పెద్దా అందరూ నన్ను చూసి ముక్కు మూసుకుంటారా? అదే కట్టె! అదే దారం! అదే మంట! ఏం తప్పు చేశానో చెప్పండి! చెప్పరే? ఎవరికీ తెలీదు గనక! రేపు ఆ ఆరూ నేనే కాలుస్తాను, ఎవడు అడ్డమొస్తాడో చూస్తాను!"

జెమైమా ఒక బాతుని ఒళ్ళోకి లాక్కుంది.

"కట్టె చెప్పావు, దారం చెప్పావు, హెలికాప్టర్ కూడా చెప్పావు," అంది. "తిత్తి ఎప్పుడు కోశావు?"

"ఏ తిత్తి?"

మలకైకి పొలమారింది. సింక్లేరు ముసలాయన వీపు మీద రెండు చరిచాడు.

"తోక మొదట్లో ఉండే నూనె తిత్తి. బాతు ముక్కుతో తీసి రెక్కలకి రాసుకుంటుందే, అది. కొయ్యకుండా కాలిస్తే ఆ నూనె కరిగి ఒళ్ళంతా దిగుతుంది. కుక్కలు మరి ఎందుకు తింటాయి?" ఆమె బాతుని బోర్లా తిప్పి అతని ముందుకి జరిపింది. "ఇదిగో. బొటనవేలంత ఉంటుంది. చూశావా ఎప్పుడైనా?"

ఒబదయా చూశాడు. వంగి బొటనవేలితో నొక్కి చూశాడు.

"నా చెల్లెలు ఎడిత్ బతికున్నన్నాళ్ళూ ఈకలు పీకి, ఇది కోసి, కడిగి, పుల్లలు గుచ్చి, దారం కట్టి మరీ నీ చేతికిచ్చేది," అంది జెమైమా. "నువ్వు కర్రకి తగిలించేవాడివి. చలికాలంలో అది పోయాక, మొన్న ఆదివారమే నువ్వు మొదట్నుంచీ అంతా నీ చేత్తో చేశావు."

అతని మొహం కందగడ్డలా అయింది. పిడికిలి బిగించి బాతు పక్కన నేలని ఒక్క గుద్దు గుద్దాడు.

"ముప్ఫైయెనిమిదేళ్ళు!" అని అరిచాడు. "ముప్ఫైయెనిమిదేళ్ళు నాతో కాపురం చేసింది! ఇంత ముఖ్యమైన ముక్క ఒక్కసారైనా నాకు చెప్పిందా అది? ఒక్కసారి? ఎందుకు చెప్పలేదు?"

జెమైమా కత్తి తిప్పి పిడి అతని చేతిలో పెట్టింది.

"ఎప్పుడు చెబుతుంది ఒబదయా? నువ్వు మాట్లాడ్డం ఆపితే కదా."